బడిలో వేయడానికి ఇంటి అడ్రసు రుజువు: గోదావరి జిల్లాల తల్లిదండ్రులు ఏ కాగితం ఎక్కడ తెచ్చుకోవాలి

మే నెల సగం దాటిందంటే సచివాలయం వరండాలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడ్డ అమ్మలు కనిపిస్తారు. కవరులో ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, పిల్లాడి ఫొటోలు. "బడిలో వేయడానికి రెసిడెన్స్ సర్టిఫికెట్ కావాలంటండి" అంటారు. ఎవరు చెప్పారమ్మా అంటే పక్కింటావిడ చెప్పిందంటారు. జూన్ 12న బడులు తెరిచేలోగా ఆ కాగితం చేతికి రాకపోతే పిల్లాణ్ణి చేర్చుకోరేమోనని టెన్షన్. వీళ్ళలో చాలామందికి ఆ సర్టిఫికెట్‌తో పనే లేదు. పనిలేని కాగితం కోసం నాలుగు ఆఫీసులు తిరుగుతూ, నిజంగా సరిచేయించుకోవాల్సిన వాటిని అలాగే వదిలేస్తుంటారు. అందుకని ఏది ముందు, ఏది వెనక అనేది వరసగా చెప్తాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ బడి?

ఊళ్ళో మండల పరిషత్ బడి, జిల్లా పరిషత్ హైస్కూలు, మున్సిపల్ స్కూలు అయితే ఒక దారి. ప్రైవేటు బడిలో విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే 25 శాతం ఉచిత సీటు అయితే ఇంకో దారి. నవోదయ అయితే మరో దారి. మీరు ఏ దారిలో ఉన్నారో తెలియకుండా కాగితాలు పోగెయ్యకండి.

ప్రభుత్వ బడి సంగతి మొదట. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు ఎవరొచ్చినా చేర్చుకోవాల్సిందే. వయసు రుజువు లేదని కాదనకూడదని 14వ సెక్షన్ అంటుంది. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదని 5వ సెక్షన్ అంటుంది. బడులు తెరిచి నెలలు గడిచాక వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షన్. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు బడిలో చేరేలా చూడటం స్థానిక సంస్థ బాధ్యత అని 9వ సెక్షన్‌లో ఉంది, అంటే మీ ఊళ్ళో పంచాయతీ బాధ్యత. ఇక ఆధార్. బడిలో చేర్చుకోవడానికి దాన్ని తప్పనిసరి చేయకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో చెప్పింది.

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్న లెక్క ఒకటుంది. దాన్ని కొందరు తిరగేసి, "మీ ఇల్లు మా పరిధిలో లేదు" అని చెప్తుంటారు. ఆ దూరాలు సర్కారు బడి ఎక్కడ పెట్టాలో చెప్పే దూరాలు. పక్క ఊరి పిల్లాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడానికి పెట్టినవి కావు.

మరి హెడ్మాస్టారు ఆధార్, రేషన్ కార్డు, తల్లి బ్యాంకు పుస్తకం ఎందుకు అడుగుతున్నట్టు? పిల్లాడి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, పథకాలకు కలపాలి, అందుకు. అడగడంలో తప్పు లేదు. లేవని వెనక్కి పంపితేనే తప్పు. కాబట్టి ప్రభుత్వ బడి అయితే పిల్లాణ్ణి ముందు చేర్చేయండి. ఏది లేదో హెడ్మాస్టారితో చెప్పి, తెచ్చిస్తామని ఒక కాగితం మీద రాసివ్వండి. పుస్తకాలు, మధ్యాహ్న భోజనం మీ కాగితాల కోసం ఆగక్కర్లేదు. ఆ భోజన పథకానికి పేరు పెట్టింది మన కోనసీమ లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారిది. ఏరు దాటొచ్చి ఆవిడ అరుగెక్కిన వాళ్ళను ఆవిడ అడ్రసు అడిగి అన్నం పెట్టలేదు కదా.

ఇంట్లో ఉన్న కాగితాలు పక్కపక్కన పెట్టి చదవండి

కొత్త కాగితం కోసం పరుగెత్తే ముందు చేయాల్సిన పని ఇది. ఖర్చు లేదు, గంట పడుతుంది. తండ్రి ఆధార్, తల్లి ఆధార్, పిల్లాడి ఆధార్, రేషన్ కార్డు, పుట్టినతేదీ సర్టిఫికెట్, తల్లి బ్యాంకు పాస్‌బుక్ నేల మీద పరిచి ఒక్కో వివరం పోల్చండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉందా? తల్లి ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఊరే ఉందా? డోర్ నంబరు పాతదా? పిల్లాడి పుట్టినతేదీ అన్నిట్లో ఒకటేనా? తేడాలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ఆఫీసుకు వెళ్ళినప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

ఒక తేడా చూసి మాత్రం కంగారు పడకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశారు. అమలాపురం, రాజోలు వైపు వాళ్ళ పాత ఆధార్‌ల మీద ఇంకా తూర్పు గోదావరి అనే ఉంటుంది, వాళ్ళుండేది ఇప్పుడు కోనసీమ జిల్లా. ఏలూరు వాళ్ళ కార్డు మీద పశ్చిమ గోదావరి ఉంటుంది. ఊరు, మండలం, పిన్ కోడ్ సరిపోతే బడిలో చేర్చడానికి ఇదేమీ అడ్డు కాదు. ఆన్‌లైన్ ఫారం నింపేటప్పుడు మాత్రం ఇప్పటి జిల్లానే ఎంచుకోండి. పాత జిల్లా ఎంచుకుంటే మీ మండలం పేరే ఆ జాబితాలో కనిపించదు. అక్కడ చాలామంది ఆగిపోతారు.

అసలు చిక్కు ఉండేది మ్యాపింగ్ దగ్గర

ప్రభుత్వం దృష్టిలో మీ కుటుంబం అంటే మీ ఇంట్లో అన్నం తినేవాళ్ళు కాదు. సచివాలయం కంప్యూటర్‌లో ఒకే కుటుంబం కింద నమోదైనవాళ్ళు. దీన్నే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. పెళ్ళయి పదేళ్ళయి, ఇద్దరు పిల్లలున్న ఆవిడ కూడా కంప్యూటర్‌లో ఇంకా పుట్టింట్లో వాళ్ళ నాన్న కింద కూతురిగానే ఉండొచ్చు. పిల్లలు ఇటు తండ్రి కింద ఉంటారు, లేదా ఎక్కడా ఉండరు.

బడిలో చేరడానికి ఇది అడ్డు రాదు. తల్లికి వందనం దగ్గర అడ్డొస్తుంది. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ఒక్కో బిడ్డకు 15,000 రూపాయల లెక్కన ఇస్తున్నారు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడతాయి. మ్యాపింగ్‌లో తల్లి ఒకచోట, పిల్లలు ఒకచోట ఉంటే జాబితాలో పేరు రాదు. డబ్బు పడనప్పుడు అందరూ బడి మీదికే వెళ్తారు గానీ, అది సచివాలయంలో తేలాల్సిన పని.

అక్కడ డిజిటల్ అసిస్టెంట్‌ను గానీ వెల్ఫేర్ అసిస్టెంట్‌ను గానీ అడగాల్సిన ప్రశ్న సూటిగా ఇది: "నా ఆధార్ ఏ కుటుంబం కింద ఉంది, అందులో ఎవరెవరి పేర్లున్నాయి, చదివి వినిపించండి." పేర్లు చదివించుకుంటేనే అసలు సంగతి బయటపడుతుంది. పుట్టింటి రేషన్ కార్డులో పేరుంటే ముందు అక్కడ తీయించి, అత్తింటి కార్డులో చేర్పించుకోవాలి. వేరు కాపురమైతే కార్డు విడదీయమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే పనికి, ఇంటిల్లిపాదీ వేలిముద్ర వేయాల్సి రావచ్చు, కాబట్టి చేపల పట్టుబడికో నాట్లకో వెళ్ళే రోజు పెట్టుకోకండి. పనుల్లో అరిగిన వేళ్ళకు మిషన్ సరిగా పట్టదు. చేతులు కడిగి తుడుచుకుని ప్రయత్నించండి, పడకపోతే ఓటీపీ, ఐరిస్ (కంటిపాప) దారులు ఉన్నాయేమో అడగండి.

అక్కడున్నప్పుడే ఇంకో మాట అడిగేయండి: నా ఆధార్‌కు ఏ కరెంటు మీటరు తగిలించి ఉంది? తల్లికి వందనం పథకానికి నెలకు 300 యూనిట్ల హద్దు ఉంది. ఓనరుగారి మేడకో, ఉమ్మడి ఇంటికో ఉన్న మీటరు మీ ఆధార్‌కు కలిసి ఉంటే, మీరు రెండు ఫ్యాన్లతో కాపురం చేస్తున్నా వాళ్ళ ఏసీల యూనిట్లు మీ లెక్కలో పడతాయి. ఇలాంటిది బయటపడితే విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి విడదీయించుకోవాలి. నోటిమాటతో ఎవరూ చేయరు.

అద్దె ఇంట్లో ఉంటే

భీమవరం, తణుకు, అమలాపురం, ఎక్కడైనా ఒకటే బాధ. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద, ఇంటి పన్ను ఓనరు పేరు మీద. మీ దగ్గర మీ పేరుతో ఏమీ లేదు. 25 శాతం సీటు కోసం అయితే అద్దె ఒప్పందాన్ని కూడా రుజువుగా తీసుకుంటారు. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, కరెంటు బిల్లు లాంటి వాటిలో ఏదో ఒకటి ఉన్నా చాలు. అన్నీ అక్కర్లేదు.

ఓనర్లు అగ్రిమెంటు రాయడానికి వెనకాడతారు. ఇల్లు మీదైపోతుందేమోనని ఒక భయం, పన్ను పెరుగుతుందేమోనని ఇంకో భయం. వాళ్ళతో గొడవ పడి లాభం లేదు. 11 నెలలకే అని, పిల్లాడి చదువు కోసమే అని నచ్చజెప్పి స్టాంపు పేపరు మీ డబ్బులతోనే కొనుక్కెళ్ళండి. తండ్రి పేరో తల్లి పేరో ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. డోర్ నంబరు, వీధి, వార్డు, పిన్ కోడ్ వదలకండి. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. అదే అగ్రిమెంటుతో ఆధార్ అడ్రసు కూడా మార్పించుకోవాలనుకుంటే, ఎలాంటి అగ్రిమెంటు తీసుకుంటారో ఆధార్ సెంటర్‌లో ముందే కనుక్కుని అప్పుడు రాయించండి.

25 శాతం సీట్ల విషయంలో ఒక హెచ్చరిక. బడికి కిలోమీటరు లోపు ఇల్లున్న పిల్లలకు మొదటి ప్రాధాన్యం, ఆ తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్ళకు. అందుకని పల్లెలో ఉంటూ టౌనులో బాబాయి ఇంటి అడ్రసు పెట్టేసేవాళ్ళు ఉన్నారు. లాటరీలో పేరొచ్చాక అసలు కాగితాలు చూస్తారు, అక్కడ దొరికితే సీటు పోతుంది. ఆ సరికి ఊళ్ళో బడి తెరిచేసి ఉంటుంది, పిల్లాడు రెండింటికీ చెడతాడు. నాకైతే ఇది పెట్టదగ్గ పందెంలా కనిపించదు. నోటిఫికేషన్ వేసవిలోనో అంతకుముందో వచ్చేస్తుంది కాబట్టి, నిజంగా మకాం మార్చే ఆలోచన ఉంటే సంక్రాంతి వెళ్ళగానే మార్చి, కాగితం చేతిలో పెట్టుకోండి.

చెరువు గట్టు, ఇటుక బట్టీ, కాలువ గట్టు

ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు చెరువుల మీద కాపలా ఉండే కుటుంబాలను చూడండి. గట్టు మీద రేకుల షెడ్డు, పక్కన మేత బస్తాలు, ఏరియేటర్లకు వచ్చే లైను నుంచే ఒక బల్బు. డోర్ నంబరు లేదు, పన్ను రసీదు లేదు, రేషన్ కార్డు సొంతూళ్ళో. బడికి ఇలాంటి ఇల్లు కూడా ఇల్లే. పిల్లాణ్ణి తీసుకెళ్ళి, ఫలానా వారి చెరువు మీద ఉంటున్నాం అని చెప్పండి. ఏ ఊరి పంచాయతీ పరిధిలో ఉన్నారో అది చాలు.

సొంతూరు మన రాష్ట్రంలోనే అయితే అక్కడి రేషన్ కార్డును తొందరపడి తీయించేయకండి. బియ్యం ఇక్కడి డిపోలోనూ తీసుకోవచ్చు. పంట పట్టేసి వచ్చే ఏడు ఇంకో మండలానికి వెళ్ళే కుటుంబం ప్రతిసారీ కార్డు మార్చుకుంటూ పోతే మధ్యలో ఎక్కడో పేరు రాలిపోతుంది. వేరే రాష్ట్రం నుంచి బట్టీ పనికి వచ్చినవాళ్ళ పిల్లలకైనా చదువు, పుస్తకాలు, భోజనం ఉంటాయి. ఇక్కడి రేషన్ కార్డుతో ముడిపడ్డ డబ్బు పథకాలు మాత్రం రావు. ఆ మాట ముందే వాళ్ళకు చెప్పడం మంచిది.

చేరేముందు పాత బడిలో అడిగి పిల్లాడి పెన్ నంబరు రాసుకురండి. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్ ఆన్‌లైన్ రికార్డులో ప్రతి పిల్లాడికీ ఉండే శాశ్వత నంబరు అది. టీసీ తర్వాత వచ్చినా ఆ నంబరు ఉంటే కొత్త హెడ్మాస్టారు పాత వివరాలు వెతికి పట్టుకోగలరు. పాత బడివాళ్ళు ఆన్‌లైన్‌లో పిల్లాణ్ణి వదలకపోతే ఇక్కడ పేరు ఎక్కదు. వాళ్ళకు ఒక ఫోన్ కొట్టమని హెడ్మాస్టారినే అడగండి. మీరు పదిసార్లు చేసేదానికన్నా ఆయన ఒక్కసారి చేస్తే పనవుతుంది.

కాలువ గట్టు మీద ఇళ్ళవాళ్ళకు ఇంటి పన్ను రసీదు ఉంటుంది, పట్టా ఉండదు. స్థలం హక్కు తేలలేదని అడ్రసు రుజువు కాదనడానికి లేదు. మీరు అక్కడ ఉంటున్నారా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

తల్లి గల్ఫ్‌లో, పిల్ల అమ్మమ్మ దగ్గర

కోనసీమలో, నరసాపురం వైపు ఇలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తుంటుంది. పిల్ల ఆధార్ తండ్రి ఊరి అడ్రసుతో ఉంటుంది. బడికి తీసుకొచ్చేది అమ్మమ్మ. "ఆయ్, దీని తల్లి సంతకం ఎలా తేనండి, రెండేళ్ళకోసారి వస్తుంది" అంటుంది మామ్మగారు.

చేర్చడానికి అమ్మమ్మ సంతకం చాలు, పిల్లను చూసుకునేది ఆవిడే. అయినా తల్లి చేత తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాయించి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి: నా కూతురు ఫలానా ఊళ్ళో మా అమ్మ ఫలానా దగ్గర ఉండి చదువుకుంటుంది, బడి విషయాలు ఆవిడే చూసుకుంటారు అని. అది ప్రింటు తీసి ఇవ్వండి. రేపు టీసీ తీసుకోవడానికి ఎవరు రావాలి అన్న పేచీ వస్తే పనికొస్తుంది.

పిల్ల ఆధార్ అడ్రసు మార్చాలంటే అమ్మమ్మ కార్డు చూపిస్తే చాలదు. దీనికి ఎక్కువమందికి తెలియని దారి ఒకటుంది. ఆధార్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఫారం తీసుకుని, ఫొటో అంటించి, వివరాలు నింపి, పిల్ల చదివే బడి హెడ్మాస్టారి చేత సంతకం, ముద్ర వేయించుకోవచ్చు. ఫొటో మీద సగం, కాగితం మీద సగం పడేలా సంతకం ఉండాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే తీసుకోరు. తేదీ వేసిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది. పల్లెల్లో పెద్దవాళ్ళకు కూడా సర్పంచో పంచాయతీ సెక్రటరీయో ఇదే ఫారం మీద సంతకం చేయొచ్చు. చెరువు గట్టు కుటుంబాలకూ ఇదే దారి.

అమ్మానాన్నలతోనే ఉండే పిల్లలకైతే ఇంకా సులువు. తండ్రి లేదా తల్లి అడ్రసు సరిగా ఉంటే, కుటుంబ పెద్ద అనుమతితో పిల్లాడి అడ్రసు ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. పెద్దవాళ్ళ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, 30 రోజుల్లోగా ఒప్పుకోకపోతే అది రద్దయిపోతుంది. అందుకే ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు ఉందో ముందు చూసుకోండి. రీఛార్జి చేయక పోయిన పాత సిమ్ నంబరే అక్కడ ఉంటే పని మొత్తం ఆగుతుంది. అయిదేళ్ళు నిండిన పిల్లాడికి వేలిముద్రలు, కంటిపాప కొత్తగా వేయించాలి, పదిహేనేళ్ళకు మళ్ళీ వేయించాలి. ఎలాగూ సెంటర్‌కు వెళ్తున్నారు కాబట్టి ఆ పనీ చూసుకుని రండి.

నివాస ధ్రువపత్రం నిజంగా కావాల్సినవాళ్ళకు

నవోదయలో సీటు వచ్చినవాళ్ళు, ఫలానా ప్రవేశానికి తహసీల్దారు సర్టిఫికెట్ కావాలని రాతలో చూసినవాళ్ళు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టాలి. ఆధార్, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదో కరెంటు బిల్లో, ఫొటో పట్టుకెళ్ళండి. రసీదు నంబరు జాగ్రత్త. వీఆర్వో విచారించాక కాగితం తహసీల్దారు దగ్గరికి వెళ్తుంది. వీఆర్వో వచ్చినప్పుడు ఇంటి దగ్గర ఎవరూ లేకపోతే పక్కవాళ్ళను అడుగుతారు, కాబట్టి వాళ్ళకు ఒక మాట చెప్పి ఉంచండి. వచ్చిన సర్టిఫికెట్‌లో అక్షరాలు అక్కడికక్కడే చదివి చూసుకోండి.

నవోదయకు పిల్లాడి ఇల్లు, ఐదో తరగతి చదివే బడి రెండూ ఒకే జిల్లాలో ఉండాలి. గోదావరి పాయల మధ్య ఊళ్ళకు ఇది చిన్న విషయం కాదు. కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది, కానీ కాజ్‌వే దిగేది కోనసీమలో చాకలిపాలెం వైపు. అలాంటి ఊళ్ళ పిల్లలు ఏ గట్టున చదువుతున్నారో చూసుకుని, నవోదయ ఆలోచన ఉంటే నాలుగో తరగతిలోనే బడి సంగతి తేల్చుకోవాలి.

లంక ఊళ్ళవాళ్ళు ఇంకొకటి కూడా చూసుకోవాలి. బడులు తెరిచిన నెలా రెండు నెలలకే వరద వస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఇళ్ళలో ట్రంకు పెట్టెలు సైతం నానిపోయాయి. అసలు కాగితాలన్నీ ఒక జిప్ కవరులో పెట్టి అటక మీద ఉంచండి. ఫొటోలు తీసి ఫోన్‌లో, గట్టు అవతల ఉన్న చుట్టాల ఫోన్‌లో కూడా దాచండి. డిజీలాకర్‌లో ఆధార్ ఎక్కించి పెట్టుకోండి. పోయిన పుట్టినతేదీ సర్టిఫికెట్ పుట్టిన చోటి రిజిస్టరు నుంచి మళ్ళీ తీసుకోవచ్చు.

కాదంటే ఏం చేయాలి

గొంతు పెంచకండి. "చేర్చుకోలేమని ఒక కాగితం మీద రాసివ్వండి సార్" అని మెల్లగా అడగండి. చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. కాకపోతే మండల విద్యాధికారికి దరఖాస్తు రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బడి పేరెంట్స్ కమిటీ ఛైర్మన్‌తో ఒక మాట చెప్పండి, ఊరి మనిషి కాబట్టి మాట సాగుతుంది. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీలో పిల్లాడి పేరు, తరగతి, బడి పేరు, ఏ రోజు ఏమన్నారు, ఇంతే రాయండి. సొంత కష్టాలన్నీ రెండు పేజీలు రాస్తే అసలు సంగతి అందులో మునిగిపోతుంది.

చివరగా యానాం చుట్టుపక్కల వాళ్ళకు. యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది, వంతెన దాటి ఎదుర్లంక వస్తే ఆంధ్రప్రదేశ్. కాపురం ఒక పక్క, బడి ఒక పక్క పెట్టుకున్న ఇళ్ళు తరగతి మారేటప్పుడల్లా పాత బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసి దాచాలి. పై చదువుల్లో లోకల్ అని చూపించడానికి ఏ ఏడు ఎక్కడ చదివారో అడుగుతారు, యానాంలో చదివిన ఏళ్ళు ఆంధ్రప్రదేశ్ లెక్కలోకి రావు. బడి వదిలేటప్పుడు టీసీతో పాటే అడిగితే ఆ రోజే ఇస్తారు. పదేళ్ళ తర్వాత అడిగితే పాత రిజిస్టర్లు వెతకాలి.